బయటివాళ్లు రాకూడదు

మదనపల్లె,
6 డిసెంబరు 1998.

అమరావతికి,

బావ రాస్తున్నాను. నేనూ యమునా ఉన్నాం. బాగున్నామని రాయడం అలవాటు తప్పింది.

మన రుక్మిణి పోయి నాలుగు నెలలు. పెద్దకర్మ రోజున నువ్వు యమునను కుప్పం తీసుకెళ్తానన్నావు. నేను వద్దన్నాను. తల్లి పోయిన పదకొండో రోజే కూతుర్ని ఇంకో ఇంటికి పంపడానికి మనసొప్పలేదు. ఇప్పుడు నేనే అడుగుతున్నాను కాబట్టి కారణం చెప్పాలి.

నూలు మిల్లు మూతపడి నాకు ఏడాదిన్నర. యమునకు ఇరవై ఆరు. తండ్రీకూతుళ్లం పొద్దంతా ఎదురెదురు గోడలు చూస్తూ కూర్చుంటున్నాం. పోయిన నెల తెలిసినాయన ఎస్టీడీ బూత్‌లో ఆమెను పనికి పెట్టాను. మొదటి రోజు తప్పు లేకుండా చేసింది. రెండో రోజు ఆయన ఆమె కుర్చీని తలుపు దగ్గరికి జరిపాడు. లేచి వెళ్లిపోయింది. ఐదు గంటలు వెతికాను. బస్టాండులో తిరుపతి బస్సులు ఆగే చోట నిలబడి ఉంది. ఇంటికి తీసుకొచ్చాను. బూత్ ఆయన, "ఇంటరు పాసైన పిల్లే గదా సామీ, యాల ఇట్లుండాది?" అన్నాడు. ఆ పనికి మళ్లీ పంపలేదు.

ఏడేళ్ల కిందట బెంగళూరు డాక్టరు ఆటిజం అని పేరు చెప్పాడు. రుక్మిణి ఆ పేరును ఇంటికి తెచ్చుకుంది. నేను ఆస్పత్రిలోనే వదిలేసి వచ్చాను.

నువ్వు టీచరు ఉద్యోగం మానేసి, పెద్దవాళ్లకు ఏ పని సరిపోతుందో చెప్పే కేంద్రం పెట్టావట. నాకు అర్థం కాలేదు. మనిషికీ పనికీ జాతకాలు కలుపుతావా?

ముద్దుకృష్ణ


కుప్పం,
14 డిసెంబరు 1998.

బావకు నమస్కారాలు.

జాతకాల మాట చదివి నీ తోడల్లుడు కాఫీ ఒలకబోసుకునేలా నవ్వాడు. అక్క పోయాక నీ నోట వచ్చిన మొదటి వేళాకోళం ఇది. దాచిపెట్టుకుంటాను.

నా దగ్గరికి వచ్చేవాళ్లు రకరకాలు. మొగుడు పోయి నలభై ఏళ్ల వయసులో మొదటిసారి పనికి బయల్దేరిన ఆడవాళ్లు. రాయి క్వారీలో చేతివేళ్లు పోగొట్టుకున్నవాళ్లు. యమున లాంటివాళ్లు కూడా వస్తారు. తెలివికి లోటుండదు, లోకం చేసే చప్పుడును తట్టుకోలేరు, అంతే. ఎవరినీ "ఏం పని చేస్తావ్?" అని అడగను. అది తెలిస్తే నా దగ్గరికెందుకు వస్తారు? ఒక్కో చోట మూడేసి రోజులు కూర్చోబెడతాను. ఎక్కడి నుంచి లేచిపోయారో, లేచే ముందు ఏం జరిగిందో రాసుకుంటాను. బెంగళూరులో ఏడాదిపాటు నేర్చుకున్నది అదే.

బూత్‌లో యమున తప్పేమీ లేదు బావా. కుర్చీ జరుపుతామని ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

వారం రోజులు ఆమెను గమనించి నాకు రాయి. ఫోన్ చేయొద్దు. ఫోన్‌లో నువ్వు "ఊ", "సరే" తప్ప మాట్లాడవు, నేను డబ్బులు కట్టి నీ ఊపిరి వినాలి. దీంతోపాటు ఒక ఫారం పెడుతున్నాను. అది యమునకు కాదు, నీకు. మిల్లు పోయింది, అక్క పోయింది. నువ్వు కూడా నా దగ్గరికి రావలసిన మనిషివే. కోపం తెచ్చుకోకుండా నింపు.

అమరావతి


మదనపల్లె,
27 డిసెంబరు 1998.

అమరావతికి,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. సోమవారం ఎవరితోనూ మాట్లాడలేదు. మంగళవారం మా పెదనాన్న కోడలు వస్తే గదిలోంచి రాలేదు. బుధవారం అన్నంలో పప్పు తగిలిందని కంచం పక్కకు నెట్టింది. మధ్యలో రెండు రోజులు ఏమీ లేదు. శనివారం బియ్యంలో రాళ్లు ఏరింది. మూడు గంటలు. ఏరిన రాళ్లను చిన్నది మొదలు పెద్దది దాకా వరసగా పేర్చింది. దీన్ని ఏమనుకోవాలో తెలియక రాస్తున్నాను.

ఫారం నింపాను. నీకు నవ్వొస్తే నవ్వుకో.

ఏ పనిలో ఉంటే పొద్దు తెలియదు? సాయంత్రం రుక్మిణితో వరండాలో కూర్చోవడం. అది పని కాదని తెలుసు.

బాగా వచ్చిన పని? పోగు తెగబోయే ముందు కనిపెట్టడం. ఇప్పుడు పోగుల్లేవు.

ఇతరుల్లో ఏది సహించలేరు? నాకు వినపడకుండా మాట్లాడుకోవడం. మా ఇంట్లో అది పదిహేనేళ్లు జరిగింది. తల్లీకూతుళ్లు సాయంత్రమైతే వంటింట్లో చేరి గుసగుసలు. నేను గడప దాకా వస్తే ఆపేసేవాళ్లు.

జనవరి పదిన యమునను తీసుకొస్తాను. మూడు నెలలకు మాత్రమే.

ముద్దుకృష్ణ


కుప్పం,
21 ఫిబ్రవరి 1999.

బావకు,

ఆలస్యమైంది. నిలకడగా ఒక మాట చెప్పగలిగే దాకా రాయకూడదనుకున్నాను.

నీ వారం రోజుల కాగితంలో ఆమె చేయనివి చాలా రాశావు, చేసింది ఒక్కటే రాశావు. ఆ రాళ్ల వరసను పట్టుకునే బయల్దేరాను.

మొదట ఇక్కడి బట్టల కొట్టు. గుడ్డ చించే చప్పుడుకు పూట తిరక్కుండానే లేచింది. తర్వాత పుంగనూరు తీసుకెళ్లి మా అమ్మ ఇంట్లో ఉంచి, పాల కేంద్రంలో చీటీలు రాసే పని చూపించాను. రాత ముత్యాల్లా ఉంది. క్యాన్లు దించేటప్పుడు మాత్రం చెవులు మూసుకుని గేటు బయట నిలబడింది. రెండో రోజు అక్కడి ముసలాయన ప్రేమగా వీపు తట్టాడు. మూడో రోజు వెళ్లలేదు.

ఇప్పుడు పాపన్న గారి గుడ్ల కేంద్రంలో ఉంది. కోడిగుడ్లు కాదులే. పట్టుపురుగుల గుడ్లు తయారుచేసి రైతులకు ఇస్తారు. గది చీకటిగా, చల్లగా ఉంటుంది. గట్టిగా మాట్లాడేవాళ్లుండరు. తెల్లవారేసరికి గూళ్లలోంచి రెక్కపురుగులు బయటికొస్తాయి. ఆడదీ మగదీ జతకట్టాక మూడు గంటలకు విడదీయాలి. ఆడపురుగును కాగితం మీద పెట్టి చిన్న గరాటు బోర్లించాలి. గుడ్లు పెట్టిన ప్రతి తల్లికీ ఒక నంబరు. ఆ తల్లికి జబ్బుందని తేలితే ఆ నంబరు గుడ్లు కాల్చేస్తారు. నంబరు తారుమారైతే ఎవరో రైతు ఇంట్లో పంటంతా చచ్చిపోతుంది. మన పిల్ల ఇప్పటిదాకా ఒక్క నంబరు తప్పలేదు.

అక్కడ గుల్జార్ బీ అని ఇరవై ఏళ్లుగా పని చేస్తున్న ఆమె ఉంది. నోరు పెద్దది, చేయి నెమ్మది. యమున గడియారం చూడకుండానే "అయిపాయె" అంటే ఆమె, "ఏమ్మా, గడియారం గాని మింగినావా?" అంది. యమున తల ఎత్తకుండా, "లేదు. గోడకే ఉండాది. అది రెండు నిమిషాలు లేటు" అంది. గుల్జార్ బీ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. కాసేపటికి యమున కూడా నవ్విందట.

రోజూ సాయంత్రం మర్నాటి రోజంతా వరసగా చెబుతాను. ఎప్పుడు లేచేది, ఏం టిఫిను, ఎవరితో నడిచి వెళ్లేది. విని పడుకుంటుంది. బస్టాండుకు వెళ్లాలని ఇంతవరకు అనుకోలేదు.

అమరావతి


మదనపల్లె,
2 మార్చి 1999.

అమరావతికి,

ఉత్తరం అందింది. సంతోషం.

ఆమె నవ్విందని రాశావు. నేను ఆమె నవ్వు చూసి ఎంత కాలమైందో లెక్క వేయబోయి మానుకున్నాను. ఇక్కడ పదిహేను రోజులకొక మాట మాట్లాడేది. అక్కడ గోడ గడియారాన్ని కూడా తప్పు పడుతోంది. నలభై రోజుల్లో నువ్వు సాధించావు. గుల్జార్ బీ గారు సాధించారు. నేను ఇరవై ఆరేళ్లు ఏం చేశానని ఎవరైనా అడిగితే నెల నెలా జీతం తెచ్చానని చెప్పాలి.

ఒక సంగతి అడుగుతాను. సాయంత్రం మర్నాటి రోజును వరసగా చెప్పాలని నీకెలా తెలిసింది? బెంగళూరులో నేర్పారా?

నేను ఈ మధ్య ఏం చేస్తున్నానని నువ్వు అడగలేదు. అడగనక్కరలేదు. ఏమీ చేయడం లేదు. ఇంట్లో ఇద్దరిలో ఒకరికి పని దొరికింది. అది నాకు కాదు.

ముద్దుకృష్ణ


కుప్పం,
11 ఏప్రిల్ 1999.

బావకు,

నువ్వు అడిగింది ఇలాంటి పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన పద్ధతే. అంతకంటే ఏముంది.

మూడు నెలలు నిండాయి. పాపన్న గారు యమునను పనిలో ఉంచుకుంటానన్నారు. ఆమె పేరు గోడమీది పట్టికలో గుల్జార్ బీ పేరు కింద రాశారు. ఇంకొన్నాళ్లు ఉండనివ్వు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ గురించి ఒక మాట. ఇక్కడికి వచ్చేవాళ్లలో మిల్లుల నుంచి బయటపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది వాళ్ల చెవికెక్కదు. నువ్వొచ్చి నెలకు రెండు రోజులు వాళ్లతో కూర్చుంటే వింటారు, ఆ మాట చెప్పే అర్హత నీకుంది. ఆలోచించు. "చూద్దాం" అని మాత్రం రాయొద్దు.

అమరావతి


మదనపల్లె,
20 జూన్ 1999.

అమరావతికి,

గురువారం కుప్పం వచ్చాను. నీకు చెప్పలేదు. నీ కేంద్రానికీ రాలేదు. నేరుగా పాపన్న గారి దగ్గరికి వెళ్లాను.

ఐదు నెలల తర్వాత కూతుర్ని చూడబోతున్నాను. మల్లెపూలు కొన్నాను. తలుపు దగ్గర యమునే ఎదురైంది. తెల్ల చీర, తలకు గుడ్డ. నన్ను చూసింది. "చెప్పులు బయట" అంది. విప్పాను. "కాళ్లు కడుక్కో. చేతులు కడుక్కో" అంది. కడుక్కున్నాను. లోపలికి అడుగు పెట్టబోతే తలుపుకు అడ్డంగా చేయి పెట్టింది.

"బయటివాళ్లు రాకూడదు."

"నేనమ్మా, నాన్నను."

"బయటివాళ్లు రాకూడదు" అని మళ్లీ అదే గొంతుతో అంది. పురుగులకు పూలవాసన పడదని కూడా చెప్పింది.

లోపలి నుంచి గుల్జార్ బీ అనే ఆమె వచ్చి, "యమునా, గరాట్లు ఆరినాయా సూడు పోమ్మా" అంటూ ఆమె భుజం మీద చేయి వేసింది. భుజం మీద, అమరావతీ. యమున ఆ చేతిని తోసేయలేదు. నేను ఆమె భుజం తాకి పద్దెనిమిదేళ్లు. తాకనివ్వలేదు కాబట్టి తాకలేదు. ఆ చేయి మాత్రం అక్కడ హాయిగా ఉంది.

పూలు గేటు దగ్గర పెట్టి రెండున్నర బస్సుకు వచ్చేశాను.

ఆగస్టు ఇరవై ఎనిమిదిన మీ అక్క సంవత్సరీకం. యమునను ఇరవై ఆరుకు పంపు. నువ్వు రానక్కరలేదు. వస్తే కాదనను.

ముద్దుకృష్ణ


కుప్పం,
29 జూన్ 1999.

బావకు,

ఆ మాట ఆమెది కాదు. ఆ తలుపు మీద రాసి ఉంది, నువ్వు చదవలేదు. పురుగులకు జబ్బు మనుషుల కాళ్లకంటుకుని వస్తుంది. పాపన్న గారి పెద్దల్లుడు పోయిన ఉగాదికి వస్తే ఆయన్నీ వాకిట్లోనే కూర్చోబెట్టి పాయసం పెట్టారు. నేను కూడా లోపలి సంగతులు గుల్జార్ బీ చెబితే వినడమే, ఇన్నాళ్లలో ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు. నిన్ను ఆపింది నీ కూతురు కాదు బావా, ఆ గదికి కాపలా కాసే మనిషి. ఇంకొకరైతే తండ్రి కదా అని వదిలేసేవాళ్లు. అలా వదలలేదు కాబట్టే ఆమె పేరు ఆ పట్టికలో ఉంది.

ఇదంతా నీకు అర్థమవుతుందని తెలుసు. అర్థమైనా నొప్పి తగ్గదని కూడా తెలుసు.

యమునను పంపుతాను. ఆగస్టు ముప్ఫై సోమవారానికి తిరిగి రావాలి. సెప్టెంబరు రెండున కొత్త గూళ్లు పగులుతాయి. ఆ రోజు నంబర్లు వేసేది ఆమె.

నాకు కాళ్ల నొప్పులు, ప్రయాణం కష్టం. అక్క పేరు చెప్పుకుని ఇక్కడే ఒక పూట పస్తుంటాను.

అమరావతి


మదనపల్లె,
30 ఆగస్టు 1999.

అమరావతికి,

కార్యం జరిగింది. యమునకు జ్వరం. ఈ రోజు పంపలేను.

ముద్దుకృష్ణ


కుప్పం,
4 సెప్టెంబరు 1999.

బావకు,

జ్వరం ఎంత ఉంది? మందు ఏమిచ్చారు? ఏమీ రాయలేదు.

రెండో తేదీన గూళ్లు పగిలాయి. గుల్జార్ బీ ఇద్దరు మనుషుల పని చేసింది. నిన్న సాయంత్రం నా దగ్గరికొచ్చి మెట్టు మీద కూర్చుని, "అమ్మా, నిజం సెప్పు. జరం పిల్లకా, వాళ్ల నాయనకా?" అంది. ఆమె నోటికి నేను అడ్డం పడలేదు.

అమరావతి


మదనపల్లె,
9 సెప్టెంబరు 1999.

అమరావతికి,

జ్వరం తగ్గింది. యమున అక్కడికి రానంటోంది. నేను బలవంతం చేయలేను. పాపన్న గారికి వేరే మనిషిని చూసుకోమని చెప్పు. ఆమె సామాను ఎవరైనా ఇటువైపు వచ్చేవాళ్లతో పంపు.

ఆ గుల్జార్ బీ గారికి మా ఇంటి విషయాలు చెప్పవలసిన పని లేదు.

ముద్దుకృష్ణ


కుప్పం,
13 సెప్టెంబరు 1999.

బావకు,

యమున రానందని నువ్వు రాశావు. రానని ఆమె అనుకుంటే ఒక కార్డు మీద "రాను" అని రాసి తనే పోస్టు చేస్తుంది. ఆమెకు అబద్ధం చేత కాదు. నీకూ చేత కాదు, కానీ ప్రయత్నం చేశావు.

నేనొచ్చి ఆమెను లాక్కురాను. పాపన్న గారు ఇరవయ్యో తేదీ వరకు ఆ పేరు చెరపనన్నారు. ఆ తర్వాత ఆయన చేతిలో లేదు. ఆ చీకటి గది లాంటి చోటు యమునకు ఈ జిల్లాలో ఇంకొకటి దొరకదు. నువ్వు పోయాక ఆమె ఎలా బతుకుతుందన్నది ఇప్పుడు నీ చేతుల్లో ఉంది. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు రాలేదు.

ఇక నేను దాచిన సంగతి. మార్చిలో నువ్వు అడిగావు, మర్నాటి వరస చెప్పాలని ఎలా తెలుసని. అందరికీ తెలిసిన పద్ధతేనని తప్పించుకున్నాను. అక్క రాసింది. తొంభై నాలుగులో. ఆ ఉత్తరం నుంచి ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"అమరా, రేపు ఏం జరుగుతుందో తెలియకపోతే దీనికి నిద్ర పట్టదు. అందుకని సాయంత్రం వంట చేస్తూ మర్నాడంతా చెబుతాను. ఒకప్పుడు వరండాలోనే చెప్పేదాన్ని. దీనికి పదకొండేళ్లప్పుడు ఈయన విని, 'ఈ పారాయణం లేనిదే బతకలేదా? పిల్లను పిచ్చిదాన్ని చేస్తున్నావు' అన్నారు. ఆ రోజు నుంచి వంటింట్లోకి మార్చాను. ఈయన గడప దగ్గరికొస్తే ఆపేస్తాం. మేమిద్దరం తనను వెలివేశామనుకుంటారు, ముఖంలో తెలుస్తుంది. చెప్పేయాలని ఉంటుంది. చెబితే, 'సరే, ఇక నేనే చెబుతాను' అంటారు. ఈయన మాట మొదలుపెట్టేదే 'చూద్దాం' అని. ఆ ఒక్క మాటకు ఇది తెల్లవార్లూ కూర్చుంటుంది. ఇద్దరిలో ఎవరికి నొప్పి కలగాలో నేను ఎంచుకోవలసి వచ్చింది. ఈయన తట్టుకుంటారని ఈయన్ని ఎంచుకున్నాను."

ఇది నీకు పోయినేడే చూపించి ఉండవచ్చు. ఎందుకు చూపించలేదో చెబుతాను. నాకు పిల్లలు లేరు. పుట్టినప్పటి నుంచి యమునను దూరం నుంచి చూసి అక్క మీద కుళ్లుకున్నాను. ఆ ఉత్తరం ఒక్కటే అక్క నాకు మాత్రమే ఇచ్చింది. నీకు చూపిస్తే నువ్వూ ఆ వరస చెప్పడం నేర్చుకుంటావు, పిల్ల నీ దగ్గరే ఉండిపోతుంది. ఈ కేంద్రంలో కూర్చుని ఊరందరికీ బుద్ధులు చెబుతాను. నా బుద్ధి ఇది.

ఇప్పుడు నీకూ తెలుసు. నీ దగ్గరే ఉంచుకోగలవు కూడా.

అమరావతి


మదనపల్లె,
20 సెప్టెంబరు 1999.

అమరావతికి,

ఈ ఉత్తరం చేరేలోపే యమున నీ దగ్గర ఉంటుంది. శనివారం రాత్రి ఫోన్‌లో బస్సు వేళ మాత్రం చెప్పాను, నిన్న ఉదయం ఎక్కించాను. ఆమె నీకు ఏమీ చెప్పదు కాబట్టి జరిగింది నేనే చెప్పాలి.

జ్వరం లేదు. రానని ఆమె ఎప్పుడూ అనలేదు. ముప్ఫయ్యో తేదీ నుంచి రోజూ ఆరింటికి స్నానం చేసి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని వీధి తలుపు దగ్గర నిలబడింది. ఎనిమిదింటికి చెప్పులు విప్పేది. ఏడవలేదు, అడగలేదు. పక్కింటి రామలక్ష్మమ్మ చూసి, "యాడికప్పా పిల్ల దినామూ తయారైతాది?" అంటే గుడికని చెప్పాను. సాయంత్రం నా ముందు నిలబడి "రేపు?" అనేది. అదొక్కటే మాట. నేను "చూద్దాం" అనేవాణ్ని. పదిహేడు సాయంత్రాలు ఆ మాట అన్నాను. కళ్ల కింద నల్లబడితే కుప్పం నీళ్లు పడలేదనుకున్నాను.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. మొదట రుక్మిణి మీద కోపం వచ్చింది. ఏడాదిగా ఆమె మీద నాకు కోపం రాలేదు. వచ్చినందుకు కాసేపు ఆమె ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. నన్ను తట్టుకోగల మనిషినని ఎంచుకుందట. ఒక్కసారి నాతో ఆ మాట అని ఉంటే తట్టుకునేవాణ్నే.

ఆ సాయంత్రం యమున "రేపు?" అంది. చెప్పడానికి కూర్చున్నాను. ఆరింటికి లేవడం, కాఫీ, స్నానం అన్నాను. "స్నానం ముందు" అంది. దిద్దుకున్నాను. టిఫిను ఉప్మా అన్నాను. "శుక్రవారం ఉప్మా కాదు." దిద్దుకున్నాను. ఇలా ఆరేడు తప్పులు. చివరికి సరిగ్గా వచ్చింది. లేచి వెళ్లి పడుకుంది. తెల్లారి నేను లేపేదాకా లేవలేదు.

నువ్వు రాసింది నిజం. నాకు వచ్చేసింది. నా దగ్గరే ఉంచుకోగలను. శుక్రవారమంతా ఆ ఆలోచనతోనే గడిపాను. ఎంత సంతోషంగా ఉన్నానో నీకు రాయలేను. ఇక నువ్వక్కర్లేదు, గుల్జార్ బీ అక్కర్లేదు. రోజూ సాయంత్రం నేను చెబుతాను, ఆమె దిద్దుతుంది. అంతకంటే నాకేం కావాలి?

శనివారం ఉదయం ఆమె మళ్లీ చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడింది. నిద్ర సరిపోయింది, ముఖం తేటగా ఉంది. అయినా నిలబడింది. నేను చెప్పిన వరసలో ఆమె చేసే పని లేదు.

ఆ సాయంత్రం చెప్పాను. "రేపు ఆరుంపావు బస్సు. కుప్పం. నేనూ వస్తాను."

"నువ్వు పుంగనూరు దాకా" అంది.

"ఎందుకమ్మా?"

"కుప్పం దాకా వస్తే మళ్లా పిల్చకొస్తావు."

అది నిందగా అనలేదు. గడియారం రెండు నిమిషాలు లేటని చెప్పినట్టే చెప్పింది.

బస్సులో కండక్టరు వచ్చాడు. రెండు కుప్పం అన్నాను, అలవాటుగా. "ఒకటి కుప్పం, ఒకటి పుంగనూరు" అంది యమున, కిటికీలోంచి తల తిప్పకుండా. కండక్టరు పెన్ను చెవి మీద పెట్టుకుని, "ఏం సామీ, మీ ఇంట్లో పెత్తనం ఎవురిది?" అన్నాడు. పక్కన టమాటా గంపల ఆమె కూడా నవ్వింది. ఒకటి కుప్పం, ఒకటి పుంగనూరు తీసుకున్నాను.

గంట ప్రయాణం. పుంగనూరు దగ్గరపడుతుంటే ఆమెను అడిగాను, అక్కడ సాయంత్రం చిన్నమ్మ చెప్పేది బాగుంటుందా, నేను చెప్పింది బాగుందా అని. అడగకూడదు, నాకు తెలుసు. యాభై ఐదేళ్ల మనిషి అడిగే ప్రశ్న కాదు. "చిన్నమ్మ తప్పుల్లేకుండా చెబతాది" అంది.

దిగాను. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆమె నా వైపు చూడలేదు. బస్సు ఇంకా కదలలేదు, నేను లేచిన సీట్లో తన సంచి పెట్టుకుని దానిమీద చేయి వేసుకుంది, ఇంకెవరూ కూర్చోకుండా. బస్సు పలమనేరు రోడ్డు మలుపు తిరిగేదాకా ఉన్నాను. మీ అమ్మ ఇంటికి వెళ్లలేదు. ఎదురు బస్సుకు ఇంటికొచ్చాను.

అమరావతీ, నీ మీద నాకు కోపం లేదు. అసూయ ఉంది. జూన్‌లో ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. ఆమె బస్సు దిగేటప్పుడు నువ్వు కింద నిలబడి ఉంటావు, సంచి నీ చేతికిచ్చి ఉంటుంది, సోమవారం ఏముంటుందో నడుస్తూనే తప్పుల్లేకుండా చెప్పి ఉంటావు. అది తలుచుకుంటే ఇప్పుడు కూడా కడుపు మండుతోంది. మంట చల్లారాక పంపుదామనుకున్నాను. చల్లారేది కాదని శనివారం తెలిసింది. అందుకని మండుతుండగానే పంపాను.

బావ